పూస తీసిన పూట

కళ్లను 'కల్లు' అనేవాళ్లను ఇక భరించలేక, జనమంతా చెవిలో పూస పెట్టుకునే రోజులొచ్చాయి. ఎదుటివాళ్లు ఎలా మాట్లాడినా అది దిద్ది, చక్కని తెలుగులో వినిపిస్తుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ హైమ దాన్ని తీసింది లేదు.

రామచంద్రపురం నుంచి వచ్చిన అత్తగారు సత్యవేణమ్మకి మాత్రం అలాంటివి గిట్టవు. మనవరాలు శ్రీనికకి పప్పన్నం కలుపుతూ అడిగింది.

"మనింట్లో ప్రతి పిల్లా అన్నానికి తనదో పేరు పెట్టుకునేది. మీ ఆయన 'నన్నం' అంటే ఇంటిల్లిపాదీ అదే అనేవాళ్లం. ఇదేమంటుందే?"

"అన్నమనే అంటుందత్తయ్యా. తప్పు పలకదు" అంది హైమ గర్వంగా.

అత్తగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎప్పుడంది? నేనొచ్చి వారమైంది. దీని నోట్లోంచి ఒక్క మాట ఊడిపడితే ఒట్టు. నీతో అనడానికి నోరు రాక ఊరుకున్నా."

హైమ నవ్వబోయి, పూస తీసింది. పిల్ల ఆమె వైపు తిరిగి పెదాలు కదిపింది. చప్పుడు లేదు. మళ్లీ కదిపింది. వంటింట్లో కుళాయి చుక్కలు పడడం మాత్రం వినిపించింది.

హైమ పూస మళ్లీ పెట్టుకుంది. అత్తగారు అప్పుడే పిల్ల నోట్లో ముద్ద పెట్టింది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, పెదాలు మూసుకునే ఉన్నాయి.

"దాన్ని ఇంకెప్పుడూ తీయకమ్మా" అన్న మాట, పిల్ల గొంతుతో, ఒక్క తప్పూ లేకుండా, హైమ చెవిలో పలికింది.