తలుపు విన్న గొంతు

చీకటి పడేసరికి తిరువొత్తియూరులోని చేపల కోల్డ్ స్టోరేజీలో సత్యభామ ఒక్కతే మిగిలింది. ఆమె చిక్కుకున్న లోపలి గది తలుపు మాటతోనే తెరుచుకుంటుంది. "తలుపు తియ్యి" అని ఆమె ఎన్నిసార్లు అన్నా, గోడమీది మిషన్ "అర్థం కాలేదు" అంటోంది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. విసిగిపోయి, ఆ మిషన్ బిగించిన ప్రదీప్‌కు ఫోన్ చేసింది.

"ఏం తమ్ముడూ, నేనేమన్నా అరవంలో చెప్తా ఉండానా? తెలుగే కదా."

"అక్కా, దీనికి నేర్పిన గొంతులన్నీ గుంటూరు వైపువాళ్లవి. మీ వైపు మాట ఒక్కటీ లేదు. నేనే వస్తున్నా, కాస్త ఓర్చుకోండి."

"నువ్వొచ్చేలోపు ఈడే గడ్డకట్టి పోతా."

అప్పుడు ఆమె వెనక, ఐసు పెట్టెల మధ్యనుంచి, ఒక మగగొంతు నెమ్మదిగా అంది. "తలుపు తెరువు."

తలుపు వెంటనే తెరుచుకుంది.

ఆ మాట ఫోన్‌లో ప్రదీప్‌కూ వినపడింది.

"అక్కా, అది రఘురామ్ గారి గొంతు. దీనికి మొదట మాటలు నేర్పింది ఆయనే. పోయిన నెల ఆయన పెద్దకర్మకు వెళ్లొచ్చాను. మీరు ముందు బయటికి రండి."

సత్యభామ వెనక్కి చూడకుండా గడప దాటింది. మనిషి దాటగానే ఆ తలుపు తనంతట తానే మూసుకుంటుంది; ఎవరన్నా అడ్డముంటే మాత్రం మూసుకోదు. నాలుగడుగులు వేశాక తిరిగి చూసింది. గడపలో ఎవరూ లేరు. తలుపు మాత్రం మూసుకోలేదు.