మూడో కంచం

ఆ పొద్దున కూడా వంటమర ముగ్గురికి సరిపడా బియ్యం పోసుకుంది. అలివేలు విసురుగా వెళ్లి అందులోంచి గుప్పెడు తీసేసింది. మర మళ్లీ గుప్పెడు పోసుకుంది.

"నీ దుంప తెగ! ఇంట్లో ఉన్నది నేనూ, నా కూతురూ. మూడో మనిషెవరే?"

"మీ ఆయన పేరయ్యగారమ్మా," అంది గోడలోంచి కోర్టు. ఇప్పుడు ప్రతి వంటింటి గోడలోనూ రాజ్యాంగ న్యాయస్థానం ఉంటోంది. "వెనకటి సైనిక ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులన్నీ కొట్టేశాం. ఆయన చనిపోయారని తేదీ వేయకుండా వాళ్లిచ్చిన కాగితం కూడా చెల్లదు. కాబట్టి చట్టప్రకారం ఆయన బతికే ఉన్నారు, మర ఆయనకీ వండాల్సిందే."

"బతికుంటే తెచ్చి కూర్చోబెట్టండి. పోతే ఏ రోజు పోయాడో చెప్పండి, తద్దినమైనా పెట్టుకుంటాను. తిథి తెలీక ఇన్నేళ్లూ కాకులకి ఊరికే మెతుకులు చల్లుతున్నాను."

"తిథి ఆయన్ని పట్టుకెళ్లిన సైనికులకే తెలుసు. కానీ మౌనంగా ఉండే హక్కు రాజ్యాంగం వాళ్లకీ ఇచ్చింది. కేసు వాయిదా..."

"ఆగండి!" అలివేలు గరిటెతో గట్టు మీద ఒక్కటిచ్చింది. "వాళ్లు నోరు విప్పక్కర్లేదు. మీ లెక్కలో మా ఆయన బతికున్నాడు కదా? ఆఖరిసారి వాళ్ల వెంటే వెళ్లాడు. అంటే వాళ్లిళ్లల్లోనే ఉన్నట్టు. ఆయన అన్నం అక్కడ వండించండి. రెండు పూటలా ఆ కంచం వడ్డించుకుని, దానికెదురుగా కూర్చుని తినమనండి!"

మరలో అన్నం కుతకుతలాడుతోంది.

"ఏ పూట నుంచమ్మా?" అని అడిగింది కోర్టు.