రెండో వరుసలో కృపావతి

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు కృపావతిని బడి వంటపని నుంచి తీసేశారు. హెడ్మాస్టరు ఆమె ఏప్రన్, టోపీ అడిగి తీసుకున్నాడు. టోపీ అంచు చిరిగితే నీలం దారంతో ఆమే కుట్టుకుంది.

పది గంటలకు ఆమె ఆళ్లగడ్డ బస్టాండు ఎదుట టీకొట్టు దగ్గర శ్యాంసుందర్‌ను పట్టుకుంది. అతను పత్రికా విలేకరి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే చర్చి.

"ఏందన్నా నువ్వు చేసిన పని?"

శుక్రవారం పేపరు అతని ముందు పరిచింది. 'ప్రతిపక్షంలోకి యాభై కుటుంబాలు' అని శీర్షిక. కింద ఫొటో. రెండో వరుసలో, మెడలో కండువాతో కృపావతి.

"నేను పార్టీలో చేరినానా? బస్సు కోసం నిలబడుంటే నువ్వే కదా పిలిచినావ్!"

అది నిజం. గురువారం ఫొటోకు నిలబడినవాళ్లలో ఒక్క ఆడమనిషి లేదు. ఆడవాళ్లు లేని చేరిక ఫొటోను నంద్యాల పేపరు ఆఫీసులో డెస్కువాళ్లు పక్కన పడేస్తారు. "కృపమ్మా, ఒక్క నిమిషం ఇట్లా నిలబడు" అని శ్యాంసుందరే పిలిచాడు. నాయకుడు వరుసగా కండువాలు కప్పుకుంటూ వచ్చి ఆమెకూ కప్పాడు.

"వద్దనకపోయినావా?"

"పెద్దమనిషి మెడలో వేస్తాంటే తల తిప్పుకుంటారా ఎవరన్నా?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "పొద్దున మీ ఇంటికి పోయి వందన వదినకు చెప్పుకొని ఏడ్చినా. మీ అన్న దగ్గరికే పో, ఆయనే సరిచేస్తాడనింది. ఇద్దరు బిడ్డలన్నా నాకు. ఆ పని తప్ప ఇంకేముంది?"

శ్యాంసుందర్ నంద్యాల డెస్కుకు ఫోన్ చేశాడు.

"సార్, చేరిక ఫొటోలో ఒకామె పొరపాటున పడింది. సవరణ వేయాల."

"మెడలో కండువా ఉందా, లేదా?"

"ఉంది సార్."

"మరి పొరపాటేంది?"

ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం అతను ఊళ్లో రంగయ్య ఇంటికి పోయాడు. రంగయ్య అధికార పార్టీ మనిషి. బడిలో వంట ఎవరు చేయాలో చెప్పేది ఆయనే. అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు.

"రంగయ్యన్నా, కృపావతి ఏ పార్టీలోనూ చేరలేదు. తప్పు నాది. నేనే పిలిచి నిలబెట్టినా."

"నాకు తెలీదా? మొన్న ఎలక్షన్లో మా జెండా మోసిందామె."

"తెలిసి కూడా తీసేసినారా?"

"నాకు తెలిస్తే చాలునా అప్పా? పేపర్లో పడింది. నీ ఊర్లో ఏం జరుగుతాందని పైనుంచి ఒకటే ఫోన్లు. జీతం కూడా లేని పని నీది. దానికోసం ఒకరి కూడు పోగొడతావా?"

శ్యాంసుందర్ తల వంచుకున్నాడు. "రేపు నువ్వే ఆమెకు కండువా కప్పన్నా. 'మళ్లీ సొంత గూటికి' అని రాస్తా."

రంగయ్య నవ్వాడు. "రాస్తావ్, నీకేం. మధ్యాహ్నమే ఇంకొకామెను పెట్టినాం. ఆమె తనంతట తాను వదులుకుంటే సరే. నేనైతే పొమ్మనలేను."

"నేను అడుగుతా. కాళ్లయినా పట్టుకుంటా. ఎవరామె? యాడుంటుంది?"

రంగయ్య ఒలవడం ఆపాడు.

"నాతోనే నాటకాలాడుతాండావా?"

"నాటకమేందన్నా?"

రంగయ్య అతని ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత పొట్టు దులుపుకుని లేచాడు.

"పొద్దుపోయింది. ఇంటికి పోప్పా."

వీధి మలుపులో కృపావతి కాచుకుని ఉంది.

"ఏమాయెనన్నా?"

"కొత్తామె వదులుకుంటే పని నీదే అన్నాడు. ఆమె ఎవరో కనుక్కుంటా. ఎట్లయినా ఒప్పిస్తా. మాటిస్తాండా."

"నీ మాట ఎవురు కాదంటారన్నా?" అని ఆమె చేతులు జోడించింది.

శ్యాంసుందర్ ఇంటికి చేరి, గడప దగ్గర చెప్పులు విప్పి లోపలికి చూశాడు. వందన అద్దం ముందు నిలబడి, నీలం దారంతో కుట్టిన టోపీని తల మీద సరిచేసుకుంటోంది.