అందింది

లక్ష్మీకాంత్ మీట నొక్కాడు. వేలు తీసేలోపే తెర మీద జవాబు పడింది.

"అందింది."

పక్క కుర్చీలో ఉన్న బామ్మర్ది సాయిగణేష్ ఈలేశాడు. "మా అక్క నీ మాటకి ఎప్పుడైనా ఇంత తొందరగా పలికిందా బావా?"

లక్ష్మీకాంత్ నవ్వలేదు. పంపింది నవ్వే కబురు కాదు. పైనుంచి వరద దిగుతోంది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. చీకటి పడేసరికి కృష్ణ నడుమనున్న మామిళ్ళలంక మునుగుతుంది. పిన్ని మనవడి బారసాలకని పాపనెత్తుకుని వెళ్ళిన అతని భార్య కీర్తన ఆ లంకలోనే ఉంది.

మొన్నటి గాలికి అక్కడి సెల్ టవరు ఒరిగిపోయింది. ఫోన్లు పలకవు. ఇక మిగిలింది 'పడవ' ఒక్కటే.

పడవ లక్ష్మీకాంత్ మొదలుపెట్టిన ప్రాజెక్టు. సిగ్నల్ సరిగా లేని చోట్లకి కబుర్లను వేగంగా చేర్చే సాఫ్ట్‌వేర్. అమ్మకానికి కాదు. ఓపెన్ సోర్స్. కోడ్ అంతా అందరికీ కనబడేలా ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. మొహం తెలియనివాళ్ళు ఏ దేశాల నుంచో దిద్దుతూనే ఉంటారు.

బెంజ్ సర్కిల్ దగ్గర, మేడ మీది ఈ గదిలో ఒక రేడియో పెట్టె. లంక రేవులో మైకుకి తగిలించి ఇంకో పెట్టె. ఇక్కడ రాసింది అక్కడ మైకు పైకి చదువుతుంది.

మొదట్లో ఒకటే చిక్కు. కబురు వెళ్ళి, అందిందని జవాబు వచ్చేదాకా తర్వాతి ముక్క కదిలేది కాదు. వాన పడితే సరే సరి. కిందకి దిగి టీ తాగి రావచ్చు.

ఆ చిక్కుకి మందు రేవులోనే దొరికింది. అక్కడ పడవ నడిపే యేసుబాబుకి ఒక అలవాటుంది. ఇవతలి గట్టు మీద నుంచి ఎవరైనా "రేపొస్తున్నామని మావాళ్ళతో చెప్పు" అని కేకేస్తే, గెడకర్ర ఇంకా నీళ్ళలో వెయ్యకముందే "చెప్పేశా, పో!" అంటాడు. కేకేసినవాళ్ళు నిశ్చింతగా ఇంటికి పోతారు. యేసుబాబు ఎన్నడూ మాట తప్పలేదు. ఎంత పొద్దుపోయినా ఆ గడపకి వెళ్ళి చెప్పాకే అన్నం తింటాడు.

కిందటి వారం లక్ష్మీకాంత్ ఆ అలవాటునే తన 'పడవ'కి నేర్పాడు. ఇక్కడి పెట్టే ముందుగా అందిందనేస్తుంది, కబురు చేర్చడం ఆ తర్వాత. వేగం ఎన్నో రెట్లు పెరిగింది. దిద్దేవాళ్ళందరూ మెచ్చుకున్నారు.

"యేసుబాబు నోరు తెచ్చి పెట్టెకి పెట్టావు," అన్నాడు సాయిగణేష్.

ఫోను మోగింది. మండలాఫీసు నుంచి.

"మామిళ్ళలంక సంగతేంటండీ? నా దగ్గరున్నవి రెండే మోటారు బోట్లు. మీ లంకకి పంపనా, దిగువ లంకకి పంపనా?"

లక్ష్మీకాంత్ కిటికీలోంచి చూశాడు. పట్టపగలే బండ్లు లైట్లేసుకుని పోతున్నాయి. కరెంటు తీగల మీద ఒక్క కాకి లేదు. పొద్దున వస్తూ వస్తూ బ్యారేజీ మీద ఆగి ఏరు చూశాడు. ఎర్రనీళ్ళు నురగ లేకుండా, చప్పుడు లేకుండా పోతున్నాయి. చప్పుడు చెయ్యని వరదకి వాళ్ళ ఊళ్ళో ముసలివాళ్ళు దణ్ణం పెడతారు.

ఫోను చెవిన ఉండగానే మళ్ళీ రాశాడు. "అందరూ యేసుబాబు పడవెక్కండి. సామాన్లు వద్దు. పిల్లలు ముందు."

"అందింది."

"దిగువకే పంపండి," అన్నాడు ఫోనులో. "మావాళ్ళకి కబురు చేరింది. యేసుబాబు పెద్ద పడవుంది. సాయంత్రం లోపు అందర్నీ దాటించేస్తాడు."

"ఖాయమేనా అండీ?"

"నా పెళ్ళాం బిడ్డా అక్కడే ఉన్నారు. ఖాయం కాకుండా చెప్తానా?"

మధ్యాహ్నం దాటింది. బోట్లు దిగువకి వెళ్ళిపోయాయి. లక్ష్మీకాంత్ అన్నం ముట్టలేదు. రాస్తూనే ఉన్నాడు.

"పడవ బయల్దేరిందా?"

"అందింది."

"ఎంతమంది దాటారు?"

"అందింది."

"కీర్తనా, పాప తల తడవనీకు."

"అందింది."

"అడిగినదానికి చెప్పదేంటి బావా, చిలకలాగా?" సాయిగణేష్ గొంతులో వేళాకోళం తగ్గింది.

"దానికొచ్చింది ఆ ఒక్క మాటే. మనుషులు పడవెక్కే హడావుడిలో ఉంటారు."

లక్ష్మీకాంత్ మళ్ళీ మీటల మీదకి వంగాడు.

ఆకాశం కుండ అడుగులా నల్లబడింది. మెట్ల మీద తడికాళ్ళ చప్పుడైంది. తలకి గోనెపట్టా కప్పుకున్న మనిషి తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

యేసుబాబు.

లక్ష్మీకాంత్ కుర్చీలోంచి చప్పున లేచాడు. పడవ నడిపేవాడు బెజవాడ దాకా వచ్చాడంటే లంకంతా గట్టెక్కినట్టే. సాయిగణేష్ ఎదురెళ్ళి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బతికించావయ్యా యేసుబాబూ! అందర్నీ దాటించేశావా? కీర్తనేదీ?" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఎవర్ని దాటించాలి బాబూ?" అంటూ యేసుబాబు, వానకి తడిసి మూగబోయిందని నిన్న సాయంత్రమే రేవులో ఊడదీసి, బాగుచేయిద్దామని తన పడవలో ఇవతలికి తెచ్చుకున్న లంక పెట్టెను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.