మాట వినని మోటరు

పర్వతాలు చేతిలోని పానా తీసి రేకుల గోడకేసి కొట్టాడు.

"మోటరు ఆగలేదంటే ఏందిరా? నేను బిగించిన మోటరు ఆగకపోవుడేంది?"

ఐలేశం మంచంలోంచే అన్నకు దీటుగా అరిచాడు. పిండికట్టు వేసిన కాలు కదలదు గానీ గొంతుకేం కాలేదు.

"ముక్కు లేపమంటే దించింది! ఎంతసేపు స్విచ్చి పట్టుకుంటే అంతసేపు దించుకుంటనే పోయింది. నీ మోటరుకు పిచ్చి లేసిందే అన్నా!"

కొత్తకోట బాట పక్కన లారీలు బాగుచేసుకునే మనిషికి విమానమెందుకని ఊరంతా నవ్వింది. అది నిజంగానే లేచేసరికి నోళ్లు మూతపడ్డాయి. అవతలి పల్లిచేనులో ముక్కు గుచ్చుకుని పడ్డాక మళ్లీ తెరుచుకున్నాయి. ఆ నవ్వులు తలుచుకుంటేనే పర్వతాలుకు ఒళ్లు మండిపోతోంది.

అన్నదమ్ములిద్దరూ గొర్లమందను అమ్మి చేసిన విమానం అది. కట్టింది పర్వతాలు. నడిపింది ఐలేశం. హైదరాబాదులో ఫ్లయింగ్ క్లబ్బు విమానాలు కడుగుతూ కడుగుతూ, దొరల కాళ్లావేళ్లా పడి నడపడం నేర్చుకున్నాడు.

తోక చివర అరచేతంత రెక్క ఒకటుంది. అది ఒక దిక్కుకు తిరిగితే విమానం ముక్కు లేస్తుంది. ఇంకో దిక్కుకు తిరిగితే వాలుతుంది. క్లబ్బులో దాన్ని చేత్తోనే తిప్పుతారు. పర్వతాలు మాత్రం దానికి బ్యాటరీ మోటరు పెట్టి, సీటు పక్కన ముందుకూ వెనక్కూ కదిలే స్విచ్చి బిగించాడు. నేల మీద వందసార్లు తనే తిప్పి చూసుకున్నాడు. తమ్ముణ్ని వేలు పెట్టనిస్తే ఒట్టు. "ఎగిరేటోనివి ఎగురు, సామాను ముట్టకు" అనేవాడు.

పర్వతాలు బడి ముఖం చూడలేదు. మీసాలొచ్చేదాకా బావి దగ్గర మోట కొట్టాడు. ఎద్దులు వాలులో ముందుకు నడిస్తే నీళ్ల బొక్కెన పైకొచ్చేది. వెనక్కి నడిస్తే బావిలోకి దిగేది. అంత బరువు అంత తేలిగ్గా లేస్తుంటే చూసి చూసి, అక్కడే అతనికి యంత్రాల పిచ్చి పట్టింది. ఆ తర్వాత చెయ్యి వేసిన ఏ యంత్రమూ అతనికి ఎదురు తిరగలేదు. అలాంటివాడి మోటరుకు పిచ్చి లేచిందంటే ఊరుకుంటాడా?

స్విచ్చి విప్పాడు. లోపలి రాగి ముక్కలు శుభ్రంగా ఉన్నాయి. మోటరు విప్పాడు. అదీ బాగానే ఉంది. బాగున్నందుకు ఇంకా కోపమొచ్చింది. ఆ పాత మోటరు అమ్మినవాణ్ని, బ్యాటరీని, తమ్ముణ్ని వరసపెట్టి తిట్టాడు.

"మల్ల ఎగురుతడట మీ తమ్ముడు." వెనక నుంచి మాట వినబడింది. ఐలేశం భార్య సైదమ్మ. చేతిలో గొడ్డలి ఉంది. "బావా, గా మోటరు ఆగుతదని నా కండ్లకు చూపియ్యి. లేకుంటే నీ విమానం నా పొయ్యిల కట్టెలైతది."

ఉత్త బెదిరింపు కాదది. మొగుడు పాలమూరు దవాఖానలో మూలిగినన్నాళ్లూ ఆమె మంచం పక్కన నేల మీదే పడుకుంది. మళ్లీ ఎగురుతానని అతను అన్న రోజే గొడ్డలికి సాన పట్టించింది.

పర్వతాలు పళ్లు నూరుతూ పనిలోకి దిగాడు. విరిగిన ముక్కు అతికించాడు. తోక రెక్క మరీ దూరం తిరగబోతే కరెంటు దానంతటదే ఆగేలా అటొకటి ఇటొకటి చిన్న మీటలు పెట్టాడు. మోటరుకు విడిగా సన్నటి ఫ్యూజు కట్టాడు. దాని వేగం సగం తగ్గించాడు. చివరికి ఐలేశం బొటనవేలికి అందేలా ఒక ఎర్ర స్విచ్చి బిగించాడు. అది నొక్కితే మోటరుకు కరెంటే అందదు.

"మొదటి స్విచ్చి ఇరుక్కుంటే?" అంది సైదమ్మ.

"ఎర్రది నొక్కుతడు."

"సోయి తప్పి నొక్కకపోతే?"

"తోక కాడి మీట ఆపుతది."

"అదీ ఆపకపోతే?"

"ఫ్యూజు పోతది! ఇంకేం గావాలె నీకు, నా పానమా?"

"నీ పానం నాకెందుకు? నా మొగని పానం నాకుంటే చాలు."

విమానాన్ని రాటకు కట్టేశారు. ఐలేశాన్ని ఇద్దరూ మోసుకొచ్చి సీట్లో కూర్చోబెట్టారు. సైదమ్మ గొడ్డలితో పక్కనే నిలబడింది. పర్వతాలు తోక వెనక గొంతుకూర్చున్నాడు.

"ముక్కు లేపు!"

మోటరు మూలిగింది. రెక్క తిరిగింది. ముక్కు దించే దిక్కుకు.

"ఆపు! ఎర్రది నొక్కు!"

టక్కున ఆగింది. పర్వతాలు తీగలన్నీ తడిమి చూశాడు. ఎక్కడా తేడా లేదు.

"మల్ల లేపు!"

మళ్లీ దించే దిక్కుకే తిరిగింది.

సైదమ్మ గొడ్డలి ఎత్తింది. "ఇన్ని పెట్టినవు గదా బావా, దాని పిచ్చి పోయిందా? జరుగు!"

పర్వతాలు ఒక్క ఉదుటున లేచి సీటు దగ్గరకు ఉరికి తమ్ముడి గల్లా పట్టుకున్నాడు. "అసలు నువ్వేం జేస్తున్నవురా?"

ఐలేశం చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది. వేళ్లు తెల్లబడేలా దాన్ని తన పొట్ట వైపు లాగి పట్టుకున్నాడు.

"ఏం జేస్త? ముక్కు లేవాలంటే ఎనక్కి గుంజాలె. క్లబ్బుల అన్నీ గట్లనే గుంజుతం. గా రోజు గూడ గిట్లనే గుంజిన, నేల తాకేదాంక గుంజిన!"

పర్వతాలు ఆ చేతి వంక చూశాడు. గల్లా ఇంకా బిగించి అరిచాడు.

"ఎనక్కా? ఎద్దులు ఎనక్కి నడిస్తే బొక్కెన పైకెట్లొస్తదిరా!"