పిచ్చుకకి పడ్డ తిట్లు

గడియారాల దుకాణంలోకి దర్జాగా నడిచి వెళ్లే దారి నాజూకుకి దొరికింది. ఆ దారి చూపించినవాడు దుకాణం యజమానే.

నాజూకు అన్నది తోటి దొంగలు పెట్టిన పేరు. తాళానికి కూడా తెలియకుండా తాళం తీస్తాడని. అతని కన్ను ఆ దుకాణంలోని బంగారు జేబు గడియారం మీద పడి చాలా కాలమైంది. అది అమ్మకానికి కాదు. యజమాని భార్యకి వాళ్ల నాన్న ఇచ్చింది. రోజూ పొద్దున్నే ఆవిడే దానికి కీ ఇచ్చి, లోపలి అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. దానికి అచ్చు గుద్దినట్టుండే ఇత్తడి గడియారం ఒకటి నాజూకు ఎప్పుడో సంపాదించి పెట్టుకున్నాడు. ఆ బీరువా దాకా వెళ్లే సాకే దొరకలేదు.

ఆ సాకు ఇంటర్నెట్‌లో దొరికింది. యజమాని తన దుకాణం లెక్కలన్నీ ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాస్తాడు. చిన్న వ్యాపారుల కోసం ఎవరెవరో తీరిక వేళల్లో కూర్చుని, పైసా తీసుకోకుండా తయారుచేసి అందరికీ పంచిపెట్టినది. ఊరికే వచ్చిన ఆ వస్తువు మీద ఆయన అందరూ చూసే పేజీలో రోజూ నిప్పులు చెరిగేవాడు.

"బిల్లు మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవి చెయ్యడానికి మీకు చేతులు రావా?"

తయారుచేసినవాళ్లలో ఒకరు పిచ్చుక అనే మారుపేరుతో ఓపిగ్గా జవాబు రాసేవారు. "పగలంతా వేరే పని ఉంటుందండీ. ఆదివారం చూస్తాను."

"ఆదివారం దాకా నా ఖాతాదారులు భూతద్దాలు పట్టుకుని తిరగాలా? అడ్రసు ఇదిగో. నువ్వే వచ్చి బాగుచెయ్యి."

పిచ్చుక ఎవరో, ఎలా ఉంటారో ఆ పేజీలో ఎవరికీ తెలియదు. నాజూకుకి అంతకంటే ఏం కావాలి? మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన సంచి తగిలించుకుని దుకాణం మెట్లెక్కాడు.

"నేనేనండీ, పిచ్చుకని," అన్నాడు.

లోపల బల్ల దగ్గర కంటికి భూతద్దం బిగించుకుని గడియారం విప్పుతున్న యజమాని భార్య చేతిలోంచి స్క్రూ ఒకటి జారి కింద పడింది.

"రావయ్యా, రా. నీకోసమే కాచుక్కూర్చున్నాను," అని యజమాని అందుకున్నాడు. బిల్లు అక్షరాలతో మొదలైన తిట్లు పన్ను లెక్కల మీదికి, అక్కణ్నుంచి తెర రంగు మీదికి పాకాయి. బాకీ ఉన్నవాళ్లకి సాఫ్ట్‌వేరే ఫోన్ చేసి గట్టిగా అడగాలట. ఖాతాదారుల పిల్లల పుట్టినరోజులు కూడా అదే గుర్తుపెట్టుకోవాలట. చేసినవాటికి తిట్లు తినడం నాజూకుకి అలవాటే గానీ, చేయనివాటికి తినడం ఇదే మొదలు.

"ఊరికే ఇచ్చాం కదండీ," అని గొణిగాడు.

"ఊరికే అయితే మాత్రం? భోజనానికి పిలిచి ఉప్పులేని కూర పెడతారా?"

భార్య నవ్వు ఆపుకోలేక దగ్గింది. "పాపం, మంచినీళ్లయినా తాగనివ్వండి," అంటూ గ్లాసు తెచ్చి ఇచ్చింది. "ఇంతకీ ఆ అక్షరాల సంగతి ఏం చేస్తావు బాబూ?"

"అది మాకు తెలిసిన లోపమేనండీ. వచ్చే వెర్షన్‌లో పోతుంది," అని నాజూకు ఆ పేజీలో చదివిన మాటలే అప్పజెప్పాడు.

"అలాగా," అని ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్లి, ల్యాప్‌టాప్ తెరిచి ఏదో టైపు చేసుకుని, మూసేసి, మళ్లీ భూతద్దం పెట్టుకుంది.

నాజూకు కంప్యూటర్ మీద కాసేపు వేళ్లు ఆడించాడు. "సార్, ఒకసారి బయటికెళ్లి మెయిన్ ఆపి, కాస్తాగి మళ్లీ వెయ్యండి."

యజమాని సణుగుతూ వెళ్లాడు. దుకాణం సొరంగంలా పొడుగు. లైట్లు పోగానే లోపలి భాగమంతా చీకటైంది. కరెంటు వచ్చేసరికి బంగారం నాజూకు జేబులో, ఇత్తడి బీరువాలో ఉన్నాయి.

కంప్యూటర్ మళ్లీ వెలిగి, కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పింది. యజమాని ఒక బిల్లు అచ్చు తీశాడు. అక్షరాలు పెద్దగా, గుండ్రంగా, కళ్లజోడు లేకుండా చదివేలా ఉన్నాయి. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు నాజూకు.

యజమాని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన గొంతు మెత్తబడింది. "నిన్ను చాలా మాటలన్నాను. మనసులో పెట్టుకోకు. నీ చేతిలో పనితనం ఉందయ్యా. మీలాంటివాళ్లు లేకపోతే నాబోటి చిన్న దుకాణాన్ని ఎవరు పట్టించుకుంటారు?"

లోపల భార్య భూతద్దం తీసి కళ్లు తుడుచుకుంది. ఆ మాట కోసం ఆవిడ ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నట్టుంది.

నాజూకు సెలవు తీసుకుని గుమ్మం దాటాడు. మెట్ల మీద ఆవిడ వెనకనుంచి వచ్చి అందుకుంది.

"బాబూ, ఆ గడియారం ఇచ్చి వెళ్లు. నువ్వు బీరువాలో పెట్టినది టిక్కుమనడం లేదు. నీ జేబు టిక్కుమంటోంది."

నాజూకు తెల్లబోయి, జేబులోంచి తీసి ఇచ్చాడు. "చప్పుడు వినే పట్టేశారా అమ్మా?"

"గడియారం సంగతి అలాగే తెలిసింది. నువ్వు దొంగ పిచ్చుకవని మాత్రం గుమ్మంలో పేరు చెప్పినప్పుడే తెలుసు."

"తెలిసీ నన్ను అంతసేపు ఎందుకు కూర్చోబెట్టారు? పోలీసులనైనా పిలవలేదేం?"

"పిలిస్తే నీతోపాటు నా గుట్టూ బయటపడుతుంది." ఆవిడ దుకాణంలోకి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించింది. "మా ఆయనకి చెప్పకు నాయనా, నాకు పడే తిట్లు ఒక్కపూట ఇంకొకరు తింటుంటే చూడాలనిపించింది, ఆ పిచ్చుకని నేనే."