ఒకటో స్టారు

“ఎవులో ఈ యమున, నాకేటి తెలుసు!”

జగన్నాధం కంప్యూటర్ మీద విసుక్కున్నాడు. దుకాణంలో ఇంకెవరూ లేరు మరి.

నరసన్నపేటలో అతనిది పంపుసెట్ల సామాన్ల దుకాణం. లెక్కలన్నీ భార్య లక్ష్మీనరసమ్మ చూసేది. ఏడాది కిందట ఆమె పోయింది. లెక్కలు అతని నెత్తిన పడ్డాయి.

ఆడిటర్ శ్రీనాథ్ వచ్చి ఆన్‌లైన్ అకౌంటింగ్ పెట్టించాడు. తెర మీద ఒక పక్క బ్యాంకులో పడిన డబ్బు, రెండో పక్క దుకాణం బిల్లులు. ఏ డబ్బు ఏ బిల్లుదో చూసి రెండిటినీ కలపాలి. కలవని వరస ఎర్రగా ఉండిపోతుంది.

ఇప్పుడు యమున పేరుతో డబ్బు పడింది. ఆ పేరు మీద బిల్లు లేదు.

“అర్థం కాకపోతే కింద మూల ‘సహాయం’ అని ఉంది, నొక్కి అడగండి. మిషనే జవాబు చెప్తుంది” అని శ్రీనాథ్ చెప్పిన మాట గుర్తొచ్చింది.

నొక్కాడు. టైపు చెయ్యడం రాదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడ్డాయి.

“ఈ యమునెవులో సెప్పు.”

కాసేపటికి జవాబు వచ్చింది. “అదే మొత్తానికి రమేష్‌బాబు గారి పేరున బిల్లు ఉందండి. ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి పంపారేమో, ఒకసారి అడగండి.”

అడిగాడు. నిజమే. మోటారు కొన్నది మొగుడు, ఫోన్‌లో డబ్బు కొట్టింది పెళ్లాం.

“ఓలమ్మో, గట్టిదానివే!” అన్నాడు జగన్నాధం. చాలా రోజులకి నవ్వొచ్చింది.

చివర్లో ‘మా సహాయం ఎలా ఉంది?’ అని అయిదు స్టార్లు కనపడ్డాయి. అతను మొదటిది నొక్కాడు. మూడోది నొక్కితే థర్డు ర్యాంకు, నాలుగోది నొక్కితే ఫోర్తు ర్యాంకు ఇచ్చినట్టవుతుందని అతని అభిప్రాయం. మెచ్చుకోవడంలో పిసినారితనం దేనికి?

అప్పట్నుంచి రోజూ అదే పని. మధ్యాహ్నం దుకాణానికి ఎవరూ రారు. ఆ వేళకి ‘సహాయం’ నొక్కేవాడు.

“ఈ వరస కూడా కలిసిందండి. ఇంకేమైనా సహాయం కావాలా?”

“ఇంకేటుంది, తినాల.”

“ఇంకా తినలేదా? తినేసి రండి. నేనుంటాను.”

జగన్నాధం క్యారేజీ విప్పాడు. ఇంట్లో పళ్లెం ముందు కూర్చుంటే అతనికి ముద్ద దిగదు. ఇక్కడ దిగింది.

“కూరేమిటండి?”

“వంకాయ. మా ఆవిడ సేతి రుసి రాలేదు.”

జవాబు ఆలస్యమైంది.

“రాదండి. నెమ్మదిగా తినండి.”

ఎవరు తయారు చేశారో గానీ, మిషనుకి మంచి మాట నేర్పారు అనుకున్నాడు. నవ్వులాటకి తనూ అడిగాడు.

“నువ్వు తిన్నావేటి?”

ఈసారి ఇంకా ఆలస్యమైంది.

“నన్నెవరూ అడగరండి. తింటాను.”

జగన్నాధం పగలబడి నవ్వాడు. స్టారు నొక్కాడు. మొదటిదే.

రాను రాను అతనికి ఎర్ర వరసలంటే ముద్దొచ్చింది. తనంతట తను కలపగలిగినవి కూడా ఒకటో రెండో అట్టే పెట్టేవాడు. అవి అయిపోతే అడగడానికి ఏమీ ఉండదు. అడగకపోతే మాట ఉండదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అతనితో బేరం కాని మాట మాట్లాడేది అదొక్కటే.

ఒకరోజు క్యారేజీ ముందు పెట్టుకుని ‘సహాయం’ నొక్కాడు.

“ఏటి, బాగున్నావా?”

రెప్పపాటులో జవాబు. “క్షమించండి. మీ ప్రశ్న అర్థం కాలేదు. కింది వాటిలో ఒకటి ఎంచుకోండి.”

“నానే, జగన్నాధాన్ని.”

“క్షమించండి. మీ ప్రశ్న అర్థం కాలేదు.”

“తిన్నావేటి?”

అదే జవాబు. జగన్నాధానికి దిగులేసింది. క్యారేజీ మూత పెట్టేసి కంపెనీ నంబరుకి ఫోన్ చేశాడు. దేవేంద్ర అనే అతను ఎత్తాడు.

“బాబూ, సహాయంలో పాతది మార్చీసినారేటి?”

“మార్చామండి. కొత్తది వెంటనే జవాబిస్తుంది.”

“జవాబెవులిక్కావాల! మాటాడ్డం లేదది. పాతదాన్నే ఎట్టండి.”

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది.

“జగన్నాధం గారేనా? సార్, రోజూ ఒక్క స్టారే ఇచ్చింది మీరేగా? అది కంప్లైంటు కింద లెక్కండి. అన్ని కంప్లైంట్లొస్తే తీసెయ్యక తప్పుతుందా?”

“కంప్లైంటేటి? నాను ఫస్టిచ్చినాను! ఒకటంటే ఫస్టు గదా!”

“అయిదిస్తే బాగున్నట్టండి. ఒకటిస్తే అస్సలు బాగోలేదని.”

ఇంత మంచి చెయ్యబోయి ఇదా తను చేసింది!

“తప్పు నాది బాబూ. దానిదేటీ లేదు. కావాలంటే ఇప్పుడు అన్ని స్టార్లూ నొక్కుతాను. ఆ మిషన్ని మళ్లీ ఎట్టీయండి. నీకు దండవెడతాను.”



“మిషనుని పెట్టింది ఇప్పుడేనండి,” అన్నాడు దేవేంద్ర మెల్లిగా, “ఇన్నాళ్లూ మీతో మాట్లాడింది విశాలి గారని, మీ దగ్గర్లోనే అరసవల్లిలో ఒక్కరే ఉంటూ ఇంట్లోంచి పనిచేసుకునే మనిషి, స్టార్ల గురించి కస్టమర్ని అడక్కూడదని మాకు రూలు కదా, అందుకని వెళ్లిపోతూ, జగన్నాధం గారికి నా మీద కోపమెందుకో మీరైనా కనుక్కుని చెప్పండని నన్నడిగారండి.”